మిల్టన్ నుంచి సర్రీ దాకా మా వెంట వచ్చిన వీడియో

కెనడా నుంచి తిరిగొచ్చి రెండు నెలలు దాటింది. కాలేజీ స్టాఫ్ రూములో ఎవరైనా ఎలా ఉందని అడిగితే చలి గురించి, ఎర్రబడిన మేపుల్ ఆకుల గురించి చెప్పి ఫోన్‌లో ఫోటోలు చూపిస్తున్నాను. అందరూ బాగుందంటున్నారు. బాగానే ఉంది. కాని ఆ మూడు వారాల్లో ఎక్కువ రోజులు నేను భయపడుతూ తిరిగాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చూడని వాళ్ళకు కొండలూ సరస్సులూ ఎవరైనా చూపించగలరు కాబట్టి, నేను ఈ రెండో సంగతే రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను. మా అక్క కూతురు మౌనిక టొరంటో పక్కన మిల్టన్ అనే ఊళ్ళో ఉంటూ పీజీ డిప్లొమా చదువుతోంది, కాఫీ షాపులో పార్ట్ టైమ్ చేస్తోంది. మన పిల్లలు విమానాల నిండా అక్కడ దిగుతున్న రోజులివి. దసరా సెలవులకు నా సెలవులు కలుపుకుని వెళ్ళాను. మొదట మిల్టన్, తర్వాత మౌనికకు కాలేజీ విరామం వచ్చే వారంలో ఇద్దరం కలిసి కాల్గరీ, సర్రీ చూడాలని అనుకున్నాం.

మిల్టన్

ఎయిర్‌పోర్టులో కావలించుకుని ఏడ్చిన పిల్ల, బస్సెక్కగానే నా చెవి దగ్గరికి వచ్చింది.

"చిన్నమ్మా, జెర మెల్లగ మాట్లాడు."

"ఎందుకే? ఎవరన్న ఏమన్నంటరా?"

"ఏమనరు. ఊకె చూస్తరు."

ఎవరూ మా వైపు చూడటం లేదు. ఆ మాటే చెప్పాను. "మనం అటు తిరిగితే చూస్తరు," అంది మౌనిక.

ఇరవై ఏళ్ళుగా తరగతి గదుల్లో చివరి బెంచీకి వినపడేలా మాట్లాడటం అలవాటైన గొంతు నాది. ఆ బస్సులో మొదటిసారి దాన్ని లోపలికి లాక్కున్నాను.

మిల్టన్ అంతా కొత్త ఇళ్ళు. ఒకే అచ్చులో పోసినట్టు వరసగా ఉంటాయి. మౌనిక ఇంకో ఇద్దరమ్మాయిలతో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటోంది. పైన ఇంటివాళ్ళు రవిగారు, సునీతగారు. విజయవాడ వాళ్ళు, అమెరికాలో కొన్నేళ్ళు చేసి ఇక్కడికి మారారు, ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్. రెండో రోజు పొద్దున నన్ను పైకి పిలిచి పెసరట్టు పెట్టారు. అల్లం పచ్చడి ఇంట్లో చేసిందే. కరివేపాకు మాత్రం బంగారంలా లెక్కపెట్టి వేస్తారట. మా పెరట్లో కొమ్మలు విరిచి పక్కింటికి పంచుతామంటే సునీతగారు నిట్టూర్చారు.

"మేం వచ్చినప్పుడు ఇండియన్స్ అంటే ఎంత గౌరవం అండీ! డాక్టర్లు, ఇంజనీర్లు అనేవాళ్ళు. ఇప్పుడు షాపులో నన్ను కూడా స్టూడెంట్ వాళ్ళ అమ్మననుకుంటున్నారు. పక్కింటావిడ మొన్న అడిగింది, మీ బేస్‌మెంట్‌లో ఎంతమంది ఉంటారని. ఎప్పుడూ అడగనిది!"

"ముగ్గురే కదండీ," అన్నాను.

"ముగ్గురే. కానీ ఆవిడ నమ్మాలి కదా."

వాళ్ళబ్బాయి అట్టు సగంలో వదిలేసి, "మామ్, ఆర్ వీ ఇన్ ట్రబుల్?" అని అడిగాడు. సునీతగారు నవ్వి పంపేశారు. ఆ ప్రశ్న మాత్రం పెసరట్టు వాసనతో పాటు ఆ గదిలోనే ఉండిపోయింది.

సరస్సు దగ్గర

ఆ శనివారం అమ్మాయిలు బతుకమ్మ ఆడదామన్నారు. అక్కడ పండుగ తిథిని బట్టి రాదు, సెలవును బట్టి వస్తుంది. తంగేడు లేదు, గునుగు లేదు. రోడ్డు పక్కన బీడు నేలలో పసుపు పచ్చని గోల్డెన్‌రాడ్ పూలు వాడిపోయే దశలో ఉన్నాయి. దూరం నుంచి చూస్తే తంగేడే. మధ్యలో ఊదారంగు ఆస్టర్ పూలు పేర్చాం. తమలపాకులో పసుపు గౌరమ్మను పెడదామంటే తమలపాకు లేక మేపుల్ ఆకులో పెట్టాం. నువ్వుల సద్ది, పెరుగు సద్ది డబ్బాల్లో సర్దుకుని ఊరి చివర సరస్సు దగ్గరికి వెళ్ళాం.

నీళ్ళలో చెత్త వేయరాదని బోర్డు ఉంది. మౌనిక దాన్ని రెండుసార్లు చదివింది. "పళ్ళెంతోటి నీళ్ళల్ల పెట్టి, మొక్కి, మళ్ళ తీసుకుందాం," అంది. అందరం ఒప్పుకున్నాం. మెల్లగా, దాదాపు గుసగుసగా పాడుకుంటూ ఆడాం. నా జీవితంలో అంత నెమ్మదిగా చప్పట్లు కొట్టిన బతుకమ్మ లేదు. మౌనిక ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలోకి దిగి పళ్ళెం వదిలింది. కాసేపాగి మళ్ళీ తీసి సంచిలో పెట్టేసింది. తేలిన పూలను కూడా చేత్తో ఏరింది. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, పెదవులు నీలంగా మారాయి.

అవతల ఒడ్డున ఒకాయన కుక్కతో నిలబడి ఫోన్ పట్టుకుని ఉన్నాడు. సరస్సును ఫోటో తీస్తున్నాడనుకున్నాను. ఆయనకు కొంచెం సద్ది ఇద్దామని డబ్బాతో అటు నడిచాను. నేను చేరేలోపే కుక్కను లాక్కుని వెళ్ళిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం మౌనిక కాఫీ షాపు నుంచి వేళకు ముందే వచ్చింది. బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చుంది. ఫోన్ నా చేతిలో పెట్టింది.

వీడియోలో మేమే. మౌనిక పళ్ళెం నీళ్ళలో వదిలి ఒడ్డు వైపు తిరుగుతుంది, ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడితో అయిపోతుంది. పళ్ళెం మళ్ళీ పైకి తీసిన ముక్క లేదు. పైన ఇంగ్లీషులో రాసి ఉంది: మన సరస్సును చెత్తకుండీ చేస్తున్న విదేశీ విద్యార్థులు. కింద వందల కామెంట్లు. 'వీళ్ళు ఎన్నటికీ మనలాగా మారరు.' 'వేరే దేశాల వాళ్ళు వచ్చి కలిసిపోలేదా? వీళ్ళకేం రోగం?' 'ఈ అమ్మాయి ఎక్కడ పనిచేస్తుందో ఎవరైనా కనుక్కోండి.'

ఆ చివరిది రెండోసారి చదివి ఫోన్ మంచం మీద బోర్లా పెట్టాను.

"తీసినం కద మౌనీ. మళ్ళ తీసినం కద," అంటూనే ఉన్నాను. దానికి తెలియదన్నట్టు.

"కామెంట్ పెడితే నా పేరు తెలుస్తది చిన్నమ్మా," అంది.

కాఫీ షాపు మేనేజర్ గ్రేస్ అనే ఫిలిపీన్స్ ఆవిడ. ఆమె వీడియో చూసింది, మౌనికను పక్కకు పిలిచింది, తిట్టలేదు. కొన్నాళ్ళు కౌంటర్లో వద్దు, లోపల గిన్నెలు చూసుకో అంది. "నేను కొత్తగా వచ్చినప్పుడు నన్నూ ఇలాగే లోపల పెట్టారు," అని కూడా అందట. దయో, షాపు పరువో, మౌనికకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

సునీతగారు ఆ సాయంత్రం కిందికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తప్పుగా అనుకోకండి. కొన్నాళ్ళు వెనక గేటు నుంచి రండి. మా అడ్రస్ ఎక్కడా పెట్టొద్దు. బాబు స్కూల్ ఇక్కడే కదండీ," అన్నారు. కోపం రావాలి. రాలేదు. నేనామె స్థానంలో ఉంటే అదే అనేదాన్నేమో.

రెండు రోజుల తర్వాత కూరగాయలకు వెళ్ళి ఇద్దరం నడిచి వస్తున్నాం. పట్టపగలు. ఒక పెద్ద ట్రక్కు మా పక్కకు వచ్చి వేగం తగ్గించింది. కిటికీ దిగింది. ఏదో అరిచారు, నాకు అర్థమయ్యేలోపే ఐసు ముక్కలతో నిండిన కప్పు వచ్చి నా కోటు మీద పగిలింది. చల్లటి తీపి నీళ్ళు మెడ లోపలికి జారాయి.

"ఉరుకకు," అంది మౌనిక నా చేయి పట్టుకుని. "నడువు. వాళ్ళ దిక్కు చూడకు. నడువు."

ట్రక్కు కొంతదూరం మాతోపాటే నడిచింది. తర్వాత నవ్వులతో వెళ్ళిపోయింది. వాళ్ళు వీడియో చూశారో లేదో నాకు తెలియదు. ఆ రోజు నుంచి మాత్రం వెనక ఏ బండి శబ్దం తగ్గినా నా మెడ మీద చల్లగా తగిలేది. మౌనిక ఎంత నెమ్మదిగా, ఎంత అలవాటుగా నడువుమన్నదో తలుచుకుంటే ఇంకా భయం వేసేది. ఇది దానికి మొదటిసారి కాదు.

కాల్గరీ

కాల్గరీలో నా ఎమ్మెస్సీ క్లాస్‌మేట్ పద్మజ ఉంది. భర్త ఆయిల్ కంపెనీ ఆఫీసులో ఇంజనీరు. విడివిడి ఇళ్ళు, విశాలమైన వీధులు, దూరాన తెల్లటి కొండలు. ఇంతదూరం ఆ వీడియో రాదనుకున్నాం. వీడియో వచ్చినప్పటి నుంచి ముఖానికి పెట్టుకుంటున్న మాస్కును మౌనిక విమానం దిగాక తీసేసింది. పద్మజ జొన్నరొట్టె, పచ్చిపులుసు చేస్తే రెండుసార్లు పెట్టించుకుంది. మరుసటి రోజు కొండల్లోకి తీసుకెళ్ళారు. అక్కడి సరస్సు పచ్చగా, నిజం కానట్టు ఉంది. మౌనిక దాని ఒడ్డుకు రాలేదు. కార్లోనే కూర్చుంది.

పద్మజ పక్కింటాయన వాల్టర్. ఎనభై దాటి ఉంటాయి. మేం వచ్చామని తెలిసి తన చెట్టు ఆపిళ్ళు బుట్టెడు తెచ్చాడు. మాతోపాటు టీ తాగాడు. అల్లం టీ చాలా ఇష్టమట. ఆయన తాతముత్తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఈ నేలను దున్నారట.

"మా నాన్న స్కూల్లో వాళ్ళ భాష మాట్లాడితే బెత్తంతో కొట్టేవాళ్ళు," అన్నాడు. "ఇంటిపేరు కూడా మార్చుకున్నారు. పలకడం కష్టమని సగం కోసేశారు. బాధపడ్డారు. కానీ దానివల్లే మేం కెనడియన్లమయ్యాం."

ఆయన ఆ మాట గర్వంగా అన్నాడు. బెత్తం మాట అన్నప్పుడు మాత్రం ఆయన చేయి మోకాలి మీద మూసుకుంది.

అవతలి వీధిలో యుద్ధం నుంచి కొత్తగా వచ్చిన ఉక్రెయిన్ కుటుంబం ఉంది. వాళ్ళు భలే త్వరగా కలిసిపోయారని మెచ్చుకున్నాడు. వాళ్ళ పిల్లలకు ఇంగ్లీషు ఇంకా రాదని పద్మజ అంటే, "వస్తుంది, వాళ్ళు ప్రయత్నిస్తున్నారు," అన్నాడు. తర్వాత పద్మజ వైపు తిరిగి, "నువ్వూ అంతే. నువ్వు మాలో మనిషివి. నేను చెప్పేది ఈ స్టూడెంట్ల సంగతి. ఒక్కసారే ఇంతమంది! మొన్న నా మనవరాలు ఒక వీడియో పంపింది. ఒంటారియోలో ఎక్కడో సరస్సులో అమ్మాయిలు చెత్త పారబోస్తున్నారు," అన్నాడు.

నేను కప్పు కింద పెట్టేశాను. మౌనిక ఆయనకు ఎదురుగా కూర్చుని ఆపిల్ కోస్తోంది. ఆయన దాని ముఖం చూసే మాట్లాడుతున్నాడు. గుర్తుపడతాడా? నేను నోరు తెరిచాను. తీసేశాం, మళ్ళీ ఏరుకున్నాం, అది పండుగ అని చెప్పాలనుకున్నాను.

మౌనిక నాకంటే ముందు మాట్లాడింది. "యా, ఐ సా ఇట్. టెరిబుల్," అంది నవ్వుతూ.

వాల్టర్ తలూపాడు. "చూశారా, ఈ అమ్మాయికి అర్థమవుతుంది," అన్నాడు. మంచి మనిషి. వెళ్తూ వెళ్తూ మౌనిక భుజం తట్టాడు.

తలుపు మూశాక మౌనిక బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళు వదిలి ఉంచింది. పద్మజ, నేను ఒకరినొకరం చూసుకోలేక ఆపిళ్ళు సర్దుతూ కూర్చున్నాం. బయటికి వచ్చి, "నాకేం గాలేదు," అంది. "ఆయన మంచిగనే ఉన్నడు గద చిన్నమ్మా. చెప్తే ఆయన ముఖం మారుతుండె. అది చూడ బుద్ధి గాలే."

సర్రీ

పడమటి సముద్రతీరం దగ్గరున్న సర్రీలో దిగగానే ఊపిరి వదిలాను. ఎటు చూసినా పంజాబీ బోర్డులు, పార్కు బెంచీల మీద తలపాగాల తాతలు, స్వీటు షాపులో వేడి జిలేబీ. ఇక్కడ మనం ఎవరికీ వేరుగా కనపడం అనుకున్నాను. మేం బస చేసింది విమలా ఆంటీ అనే ఆవిడ ఇంట్లో. ఫిజీ నుంచి వచ్చిన మనిషి, మేడమీద గది వచ్చే పోయే వాళ్ళకు అద్దెకిస్తుంది. డెబ్భైకి దగ్గర్లో ఉంటుంది. మేం తెలుగు వాళ్ళమని తెలిసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మేం కూడా!" అంది హిందీలో. "నాయుడు. మా తాత తండ్రి విజాగపటం నుంచి ఓడలో ఫిజీ చెరకు తోటలకు వచ్చాడు." విశాఖపట్నాన్ని అలాగే పలికింది.

ఆమెకు మిగిలిన తెలుగు మాటలు పది కూడా ఉండవు. నీళ్ళు, అన్నం, రా అమ్మా, కూర్చో. ఆ 'రా అమ్మా' అన్నప్పుడు మాత్రం శ్రీకాకుళం ముసలావిడ పిలిచినట్టే ఉంది. చామదుంపలు కొబ్బరిపాలలో ఉడికించి చేపల పులుసుతో పెట్టింది. పులుసులో చింతపండుకు బదులు నిమ్మకాయ. మిగతాదంతా మనదే.

తింటుండగా మౌనిక ఏం చేస్తుందని అడిగింది. స్టూడెంట్ అనగానే గరిటె ఆగింది.

"చెడుగా అనుకోకు బేటీ. మేం వచ్చినప్పుడు తల దించుకుని బతికాం. క్రిస్మస్‌కు లైట్లు పెట్టాం, వాళ్ళ ఆట హాకీ చూడటం నేర్చుకున్నాం, పిల్లలతో ఇంట్లో కూడా ఇంగ్లీషే. మీరు రాగానే రోడ్ల మీద పాటలు, డ్యాన్సులు. మీవల్ల ఇప్పుడు మమ్మల్ని కూడా అదోలా చూస్తున్నారు."

మౌనిక పళ్ళెం వైపు చూస్తూ, "సారీ ఆంటీ," అంది. దేనికి సారీయో నాకు అర్థం కాలేదు.

అయినా మరునాడు ఉదయం ఆమే మాకు సముద్రం చూపిస్తానని బయల్దేరింది. స్కైట్రెయిన్ అనే సిటీ రైలు ఎక్కాం. చక్రాల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఫిజీలో వాళ్ళ ఇంటి వెనక మామిడిచెట్టు గురించి నాకు హిందీలో చెప్తోంది. నేను నవ్వాను. కొంచెం గట్టిగానే నవ్వాను.

ఎదుటి సీటులోంచి ఒకాయన లేచాడు. యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, భుజాన లాప్‌టాప్ సంచి. "ఇంగ్లీష్," అన్నాడు. మొదట మామూలుగానే. మేం ఆగిపోయాం. "ఇక్కడ ఇంగ్లీష్ మాట్లాడండి. లేకపోతే వచ్చిన చోటికి పొండి."

విమలా ఆంటీ నవ్వే ప్రయత్నం చేసింది. "సర్, నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉన్నాను. నేను సిటిజన్‌ని," అంది ఇంగ్లీషులో. ఆయన దగ్గరికి వచ్చాడు. ఆమె మా వైపు ఒకసారి చూసింది. "నేను స్టూడెంట్‌ని కాదు సర్. వీళ్ళతో నాకు సంబంధం లేదు. నేను ఫిజీ దాన్ని."

"మీరంతా ఒకటే," అన్నాడు.

ఆయన ఆమె ముఖం మీదికి వంగి అరుస్తున్నాడు. కాలితో చక్రాల సంచిని తన్నాడు. అది పడి, లోపలి కళ్ళజోడు పెట్టె జారిపోయింది. రైలు పెట్టె నిండా జనం. తలపాగా పెట్టుకున్న ఒక పెద్దాయన తన బూట్లు చూసుకుంటున్నాడు. ఒక అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు సర్దుకుంది. ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆయన చేయి లేస్తుందని, లేచి ఎటు పడుతుందోనని, దాని మీదే నా చూపంతా ఉంది.

మౌనిక లేచింది. ఆయన పక్క నుంచే నడిచి, కిటికీ పైన ఉన్న పసుపు పట్టీని నొక్కింది. ఆపదలో నొక్కాల్సిందట అది. నొక్కి, వెనక్కి వచ్చి ఆంటీకీ ఆయనకూ మధ్య నిలబడింది. "ఐ ప్రెస్డ్ ఇట్," అంది.

ఆయన దాన్ని కాసేపు చూశాడు. తర్వాతి స్టేషన్‌లో యూనిఫాం వేసుకున్న ఇద్దరు ఎక్కేలోపే తలుపు దగ్గరికి వెళ్ళి, సంచి సర్దుకుని, ఆఫీసుకు వెళ్ళే మనిషిలా దిగి జనంలో కలిసిపోయాడు. ఒక తెల్లావిడ వంగి కళ్ళజోడు పెట్టె ఏరి ఆంటీ చేతిలో పెట్టింది. "ఐ యామ్ సో సారీ," అంటూ ఏడ్చేసింది. సముద్రం చూడలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాం.

ఇంటికొచ్చాక ఆంటీ తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసుకుంది. టీ పెట్టింది. పంచదార వేయడం మర్చిపోయింది. మౌనిక పక్కన కూర్చుని దాని చేయి తన ఒళ్ళో పెట్టుకుంది. "నేను నిన్ను నా మనిషి కాదన్నాను," అంది. మౌనిక చేయి వెనక్కి తీసుకోలేదు.

తర్వాత ఆంటీ నా వైపు తిరిగి అడిగింది.

"విజాగపటంలో మా ఊరు కనుక్కోగలవా? పేరు చివర పల్లి అని వస్తుంది. అంతే తెలుసు."

పల్లి అని వచ్చే ఊళ్ళు అక్కడ లెక్కలేనన్ని అని చెప్పాను.

"దొరికితే నన్ను అక్కడ ఉండనిస్తారా?"

"మీరెందుకు పోవాలి ఆంటీ? ఇది మీ ఇల్లు. ఎందుకు ఉండనివ్వరు ఇక్కడ?"

ఆమె కప్పు కింద పెట్టింది. "ఫిజీలో మా నాన్న కూడా ఇదే అనేవాడు. ఎందుకు ఉండనివ్వరు, ఇది మన ఇల్లు అని. గొడవల్లో మా దుకాణం కాల్చిన రోజు పొద్దున కూడా అన్నాడు."

తిరిగి వచ్చాక

నేను కరీంనగర్ వచ్చేశాను. మౌనిక మిల్టన్ వెళ్ళింది. గ్రేస్ దాన్ని మళ్ళీ కౌంటర్లో నిలబెట్టింది. "జనం మర్చిపోయిండ్రు చిన్నమ్మా. ఇప్పుడు వేరే వీడియో నడుస్తుంది," అని ఫోన్‌లో చెప్పింది. దాని గొంతులో ఊరట వినిపించింది. నేనా కొత్త వీడియో చూశాను. వేరే పిల్లలు, వేరే ఊరు. వాళ్ళ ముఖాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి.

విశాఖలో పనిచేసే పాత స్టూడెంట్‌తో ఆంటీ ఊరి గురించి వెతికిస్తున్నాను. ఇంతవరకు ఏమీ తేలలేదు. ప్రతి ఆదివారం ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వస్తుంది. వాతావరణం చెప్తుంది, మౌనిక బాగుందా అంటుంది, చివర గొంతు తగ్గించి, దొరికిందా అని అడుగుతుంది. వెతుకుతున్నామని చెప్తాను. నిన్న మాత్రం ఇంకో మాట కలిపింది: ఊరు దొరక్కపోయినా ఫరవాలేదు, దాని పక్క ఊరైనా చాలు అంది.